బొట్టు పెట్టిన చక్రాలు

నల్గొండ

నరహరి పటేలా,

నీకు బెయిలొచ్చిందట. నీ జీపు చక్రాలు తయారైనయి.

రంగేసే ముందుగాల వాటికి నూనెల కలిపిన కుంకుమతోని బొట్లు పెట్టింది నువ్వే. కడుగుతనని మా తమ్ముడు పరమేష్ మొత్తుకున్నడు. బొట్టు తుడిస్తే అపశకునమని నువ్వు అడ్డం తిరిగినవు. భట్టిల కాల్చి అతికించే రంగుపొడి నూనె మీద నిలువలే. భట్టిల కాలినంక బొట్టు పెట్టిన ప్రతి జాగల గుంట పడ్డది. గా గుంటలు జూసి, పానా అందుకొని పరమేష్ తల పలగ్గొట్టినవు.

పాత రంగంత గీకిన. నూనెతో పాటు వాని నెత్తురు సుత కడిగిన. మళ్ల పొడి కొట్టి కాల్చిన. అద్దం లెక్క మెరుస్తున్నయి.

చక్రాల బొట్టు తుడవనియ్యలేదు నువ్వు. వాని దినం నాడు వాని పెండ్లాం, మా మరదలు ఉమారాణి బొట్టు తుడిసిన్రు.

చక్రాలకు మనుషులను పంపకు, నువ్వే రా. భట్టి వేడి చేసి పెట్టిన.