ఏ కొత్తపేట అండి?

మస్కట్

మా దుర్గకి, అన్నయ్య సత్తిబాబు బోలెడు దీవెనలతో రాస్తున్నది. నేనిక్కడ గుండ్రాయిలా ఉన్నాను. నువ్వెలా ఉన్నావు? లేచి తిరుగుతున్నావా? పాప పాలు తాగుతోందా? బావగారు వేళకి తింటున్నారా? బాలింతవి కదా, నీతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడనని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. మా రూములో ఉండే గన్నవరం శ్రీను సెలవు మీద వస్తున్నాడు, అందుకే చెప్పాల్సిందంతా రాసి అతని చేతికిస్తున్నాను. నా సంతోషం చెప్తే నవ్వుతావు. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేసేశాను, అందరూ నన్ను తిట్టుకుంటూ తిన్నారు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. ఏసీలు బాగుచేసే మాకు చేతినిండా పని. ఆ రోజు ఒకరి మేడ మీద ఏసీ విప్పుతుంటే బావగారి ఫోన్. “ఆడపిల్లండి బావగారూ. కానీ దుర్గకి రక్తం బాగా పోయిందండి. ఎక్కించాలంటున్నారు. బ్లడ్ బ్యాంకులో అడిగేను, బి నెగెటివ్ లేదన్నారండి” అని ఏడ్చేశారు. మన ఇంట్లో నీదీ నాదీ ఒకటే గ్రూపు. అక్కడుంటే చెయ్యి చాపేవాణ్ణి. ఇంత రక్తం ఒంట్లో పెట్టుకుని సముద్రం ఇవతల ఉండి ఏం లాభం? చాలా భయపడ్డాను దుర్గా.

అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్లో రక్తదాతల యాప్ ఉందని. ఊళ్ళో రక్తదాన శిబిరంలో పేరు ఇచ్చినప్పుడు వాళ్ళే ఎక్కించారు. గ్రూపు నొక్కి, ఊరు కొత్తపేట అని కొట్టాను. పేర్లూ నంబర్లూ గబగబా వచ్చేశాయి! ఈమధ్యే ఇచ్చినవాళ్ళని అదే పక్కన పెట్టేస్తుంది, ఎంత తెలివో చూడు. మొదటి నంబరుకి చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “హైదరాబాద్ కొత్తపేటల ఉంట అన్నా, గంత దూరం ఎట్ల వస్త?” అన్నాడాయన. రెండో ఆయన “ఏ కొత్తపేట?” అన్నాడు. మనకి కొత్తపేట అంటే ఒక్కటే కదా! ఇన్ని ఉన్నాయని ఎవరికి తెలుసు? జిల్లా పేరు పెట్టకపోవడం నా బుద్ధితక్కువ. పెట్టి మళ్ళీ వెతికితే ఒకే ఒక్క పేరు వచ్చింది. చేశాను. “ఆయ్, చెప్పండి!” అని వినపడింది.

ఆ ఒక్క మాటకే ఏడుపొచ్చేసింది. ఇంక ఏ ఊరని అడగనే లేదు. ముక్కూ మొహం తెలియనివాడికి మన వైపువాళ్ళు కాక ఆయ్ అని ఇంకెవరంటారు? ఆయన పలివెల వీరబాబు గారు, కొబ్బరికాయల వ్యాపారం. నేను సగం చెప్పేసరికే, “కాయలు దింపిస్తున్నానండి, అయినా మనిషి ముందు కదండీ. బయల్దేరిపోయేను. ఏ ఆసుపత్రో చెప్పండి చాలు” అన్నారు. కట్టుకున్న లుంగీతోనే బండెక్కి అమలాపురం ఆసుపత్రికి వచ్చారట. సాయంత్రం బావగారు “కళ్ళు తెరిచిందండి” అంటే ఆ మేడ మీదే గెంతాను.

మర్నాడు యాప్ తెరిస్తే ఆయన పేరు లేదు. ఇచ్చేశారు కదా, కొన్నాళ్ళు చూపించదు. ఆ ఖాళీని చూసి దణ్ణం పెట్టుకున్నాను. బావగారిని కూడా పేరు ఇమ్మను. జిల్లా మర్చిపోవద్దను!

శ్రీను చేత ఖర్జూరం, పాపకి గౌను పంపుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు చింతకాయ పచ్చడి ఇచ్చి పంపు. బారసాలకి నాకు సెలవు దొరకలేదు. మేనమామ పెట్టాల్సిన బట్టలు నేనొచ్చేదాకా ఆపుతానని అమ్మ అంటోందట. ఆపొద్దు. వీరబాబు గారిని పిలిచి ఆయన చేత పెట్టించండి. మొహమాటపడతారు, వదలకండి. నాకేం చిన్నతనం కాదు. తోడబుట్టినవాడు ఇవ్వాల్సింది ఆయన ఇచ్చారు.

అమ్మకీ, మీ అత్తయ్యగారికీ, మావయ్యగారికీ నా నమస్కారాలు. వాళ్ళ దీవెనలు నాకూ కొంచెం అడిగిపెట్టు. పాపకి ముద్దులు.

ఇట్లు,
పాప రెండో మేనమామ,
సత్తిబాబు