మన కోట మీద ప్రశ్న

అశోక్‌నగర్

అక్కా,

ఫోన్ చేస్తే నాయన పక్కనే ఉంటాడని రాస్తున్నాను. సర్కారు నౌకరి ఒక్క మార్కుతో పోయింది. వయసు దాటింది, ఇక పరీక్ష రాయలేను. గది ఖాళీ చేసి వస్తున్నాను.

చెరువు నడుమ ఉన్న మన కోటను ఎవరు కట్టించారని ఈసారి పరీక్షలో అడిగారు. నాయన జనాన్ని పడవలో తీసుకెళ్ళి, కూలిన బురుజులు చూపిస్తూ చెప్పే రాణి పేరే పెట్టాను. ఆలోచించను కూడా లేదు. జవాబుల్లో చూస్తే, ఎవరో రాజు కట్టించాడట. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన చదివినవాళ్ళు, ఆ కోటను ఎన్నడూ చూడనివాళ్ళు, సరిగ్గా పెట్టారు.

నాయన కథ అట్లాగే చెప్పుకోనీ. నేను రాగానే, "మన కోట మీద అడిగిండ్రా బిడ్డా?" అంటాడు. అంతకు ముందే, ఈసారి కూడా అడగలేదని నువ్వు చెప్పెయ్.

నీ తమ్ముడు