దాచుకున్న ఒక్క మందు

అక్కా,

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. ఇవాళ వైరింగ్ పని దూరం, రావడం ఆలస్యమవుతుంది.

ఇంకో సంగతి. ఇద్దరం కలిసే ముగిద్దామనుకున్న వీడియో గేమ్‌ని నిన్న నువ్వు డ్యూటీలో ఉండగా నేనొక్కణ్ణే ముగించేశాను. తిట్టు, పడతాను. మూడు వారాలుగా "రేపు ఆడదాంలేరా" అంటూనే ఉన్నావు, నాకూ ఒళ్ళు మండింది.

మన జట్టులో వైద్యురాలికి 'అక్క' అని పేరు పెట్టాం కదా. ఆఖరి రాక్షసుడి దగ్గర ఆమె పడిపోయింది. లేపే మందు ఒక్కటే మిగిలింది. నా కత్తివీరుడికి పనికొస్తుందని దాచుకున్నాను. గెలిచాక అందరూ కోట మీద నిలబడి చేతులూపారు. నువ్వు లేవు.

కోటలోకి వెళ్ళకముందు చేసిన సేవ్ అలాగే ఉంది, అక్కణ్ణుంచి మళ్ళీ ఆడొచ్చు. చెప్పకపోతే నీకు తెలిసేది కాదు.

మరిచిపోయా, నీ కంట్రోలర్ బాగుచేశాను. ఈసారి ఆ మందు నీకే.