గబ్బిలాల గనిలో ఆఖరి గది

ప్రియమైన చీఫ్ ఇంజనీరు గారికి,

మీ ఓడలో ఫోను పలికేది తక్కువ, తెగేది ఎక్కువ. అందుకే పెళ్ళైన కొత్తలో మొదలైన ఈ ఉత్తరాల అలవాటు ఇప్పటికీ పోలేదు. పోకపోవడమే మంచిదైంది, ఇవాళ చెప్పాల్సింది చాలా ఉంది.

మీ అక్క కింది వాటాలో కులాసా. వదినకి మోకాలి నొప్పి తగ్గింది గానీ నోటి జోరు తగ్గలేదు. వెనక గదిలోకి నేను వెళ్ళేటప్పుడు నడుముకి తాడు కట్టి పంపాలంటుంది, లేకపోతే ఆ పాత కంప్యూటర్ల మధ్య తప్పిపోతానట. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒకటీ రెండూ అనుకుంటూ తెచ్చినవి గది నిండిపోయిన మాట నిజమే. ఏం చేయను. వాటి మీద నాకు మోజు తగ్గదు. ఇప్పటి కంప్యూటరు లేవగానే మనల్ని సవాలక్ష అడుగుతుంది. అవి అలా కాదు, మీట వేయగానే ఒక చిన్న గడి మిణుకుమిణుకుమంటూ, చెప్పు ఏం చేయాలో అన్నట్టు చూస్తుంది.

అసలు సంగతికొస్తాను. ఈ ఊళ్ళో పాత కంప్యూటర్ల సంఘం ఒకటుందని రాశాను కదా. దాని పెద్ద ఒక పళ్ళ డాక్టరు. గ్రంథాలయం హాల్లో వాళ్ళు వచ్చే నెలలో పెట్టబోయే ప్రదర్శనకి బల్లలు ముందుగా సర్ది చూసుకుంటుంటే చూడ్డానికి వెళ్ళాను. ఒక మూల బల్ల మీద నా 'గబ్బిలాల గని' క్యాసెట్ ఉంది. నేను ఇరవై దాటీ దాటని వయసులో రాసిన ఆట. పక్కనే అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: 'రాసినవాళ్ళు కూడా పూర్తి చేయలేని ఆట.'

రాసింది నేనేనని చెప్పాను. డాక్టరు గారు కుర్చీ వేసి మర్యాదగానే మాట్లాడారు. ఆఖరి గదిలో గోయి ఉంది కదా, ఆ గోయి దాటితేగానీ గని నుంచి బయటపడే తలుపు రాదు, ఎంతమంది ఎన్నేళ్ళుగా దూకినా వెంట్రుకవాసిలో పడిపోతున్నారు అన్నారు. ఆటలో గనివాడి కాలి బొటనవేలు గోతి అంచు మీద ఉన్నప్పుడు దూకితే దాటుతాడని నేనన్నాను.

"అయితే చూపించండి మేడమ్. అసలు మెషీను మీద, అసలు క్యాసెట్‌తో. కొత్త కంప్యూటరు మీద చూపిస్తే లోపల ఏదో మార్చారంటారు."

సరేనన్నాను. ఈ వయసులో ఇదేం పట్టుదల అని మీరు నవ్వొచ్చు. దాని తర్వాత బ్యాంకులకి నేను రాసిన ప్రోగ్రాముల్లో ఏ ఒక్కదానితోనూ ఎవరూ ఆడుకోలేదు, దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. నేను సరదా కోసం రాసింది అదొక్కటే. పూర్తి కావట్లేదని జనం క్యాసెట్లు వెనక్కిస్తే మా చిన్న కంపెనీ మూతపడింది. ఇప్పుడు దాన్ని అట్టముక్క పెట్టి వెక్కిరిస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

మీరు జాగ్రత్త. చెవులకి ఆ మూతలు పెట్టుకోవడం మానకండి.

మీ
వెనక గది మనిషి


ప్రియమైన ప్రోగ్రామరమ్మకి,

రేవులో దిగేసరికి ఏజెంటు ఆఫీసులో నీ ఉత్తరం నాకోసం కాచుకుని ఉంది. సరుకు దించుతున్న చప్పుడు మధ్య పెట్టె మీద కూర్చుని చదివాను. చదువుతూ నవ్వానని మా వంటాయన ఊరంతా చెప్పాడు. మా ఊరంటే ఓడే కదా.

ముందు పని మాట. ఆ మెషీను బొమ్మ చూపించకపోతే కంగారుపడి అన్నీ విప్పకు. కరెంటు వచ్చే చోటు చూడు. కండెన్సర్లు పొట్ట ఉబ్బి ఉంటే మార్చు. పెద్ద ఇంజన్లకైనా నీ బుల్లి పెట్టెలకైనా సగం జబ్బులు తిండి సరిగా అందకే వస్తాయి.

ఇక నీ పందెం సంగతి. ఆ ఆట పూర్తి కావట్లేదని దెబ్బలాడ్డానికి మీ కంపెనీకి వచ్చి, కౌంటరు వెనక నిన్ను చూసి, తెచ్చిన క్యాసెట్ మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయినవాణ్ణి నేను. కాబట్టి నాకూ ఓ మాటనే హక్కుంది. బొటనవేలు అంచున పెట్టీ చూశాను, పెట్టకుండానూ చూశాను. దీపం పట్టుకుని వెళ్ళే ఆ గనివాణ్ణి నేను గోతిలో పడేసినన్ని సార్లు ఎవరూ పడేసి ఉండరు. కోప్పడకు, డాక్టరు చెప్పింది నిజమేనేమో.

నిజం కాకపోతే మాత్రం వాళ్ళందరి నోళ్ళూ మూయించు.

నీ
ఓడాయన


ప్రియమైన చీఫ్ గారికి,

మీరన్నట్టే కండెన్సర్లు పొట్టలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. మార్చాను. వీధి చివర టైలరు దుకాణంలో మూలపడ్డ పాత టీవీ ఒకటుంటే అడిగి తెచ్చుకున్నాను. టేప్ రికార్డరు తల తుడిచి క్యాసెట్ పెట్టాను. ఆట లోపలికి ఎక్కేటప్పుడు ఆ కీచుమనే కూత మీకు గుర్తుండే ఉంటుంది. ఎవర్ని చంపుతున్నావంటూ వదిన పైకి పరిగెత్తుకొచ్చింది. మోకాలి నొప్పి నిజంగానే తగ్గిందని అప్పుడు నమ్మాను.

టీవీ మీద బొమ్మ వచ్చింది. చేతిలో దీపంతో నా గనివాడు నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ సంతోషం అక్కడితో సరి. రోజూ ఆడుతున్నాను. ఆఖరి గదిదాకా కళ్ళు మూసుకుని వెళ్ళిపోతున్నాను. ఆ గదిలో అడుగుపెట్టగానే గబ్బిలం మీదికొస్తుంది, తప్పుకోవాలని దూకుతాను, గోతిలో పడతాను. ప్రతిసారీ అంతే. చివరికి కాగితం మీద లెక్క వేశాను. గనివాడి దూకుడు ఎంతో, గోయి వెడల్పు ఎంతో. దూకుడే తక్కువ. వేళ్ళ పొరపాటు కాదు, అదృష్టమూ కాదు. ఆ గోయి దూకి దాటడం ఎవరివల్లా కాదు.

డాక్టరు గారికి కబురు చేశాను. ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగి, ఎవరికీ తెలియకుండా ఆ అట్టముక్క తీసేస్తానన్నారు. మంచి మనిషి. తీయొద్దన్నాను. నిజమైతే ఉండాల్సిందే.

కానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఆ ఆట పూర్తవుతుందని నాకు తెలుసు. ఎలా తెలుసో గుర్తు రావట్లేదు, అంతే. అసలు ప్రోగ్రాము రాసిన కాగితాలు కంపెనీతోపాటే పోయాయి. ఇక మిగిలింది మెషీను జ్ఞాపకంలో ఉన్న అంకెలు. వాటిని మొదటినుంచీ ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తాను. వచ్చే ఆదివారమే ప్రదర్శన. ఏమీ తేలకపోతే అందరి ముందూ వెళ్ళి ఓడిపోయానని నేనే చెప్పేస్తాను.

మీరుంటే బాగుండేది.

మీ
నేను


ప్రియమైన నీకు,

ప్రదర్శన ఆదివారమని నీ ఉత్తరం అందాక వరసగా రెండు రేవులు దాటాం. ఏజెంటు ఆఫీసుల్లో అందరికీ ఉత్తరాలున్నాయి, నాకు తప్ప. అక్క కూడా ఏం రాయలేదు. అక్క చెప్పకుండా ఉండగలిగిందంటే విషయం బాగా లేదనే అర్థం.

ఓడిపోయావని ఊహించుకుంటున్నాను. ఏం ఫరవాలేదు. ఇంజను గదిలో నా చేతుల్లో ఆగిపోయినవి ఎన్ని లేవు. వాటిల్లో కొన్ని ఎందుకు ఆగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్కటి మాత్రం విను. ఆ ఆట గెలవలేదని నేనెప్పుడూ బాధపడలేదు. ఓడలో నా గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, దీపం ఊపుకుంటూ ఆ గనివాడు నడిచే నడక తల్చుకుంటే చాలు, నాకు మన ఇల్లు గుర్తొస్తుంది. పూర్తయ్యే ఆటలు బోలెడు ఆడాను. ఒక్కటీ గుర్తులేదు.

నేను వచ్చాక ఇద్దరం ఆ అట్టముక్క పక్కన నిలబడి ఫోటో తీయించుకుందాం. తినడం మానకు. ఉత్తరం రాయి. రెండు ముక్కలైనా సరే.

నీ
ఓడాయన


ప్రియమైన చీఫ్ ఇంజనీరు గారికి,

క్షమించండి, రాయడానికి తీరిక చిక్కలేదు. రోజూ ఇంటికి ఎవరో ఒకరు వస్తున్నారు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. వదిన రాయకపోవడానికి కారణం వేరే. ఈ సంగతి తనే ముందు మీకు చెప్పేస్తుందని నేను ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టుతో ఆవిడ పడ్డ అవస్థ చూసి తీరాల్సిందే.

అంకెలు చదువుకుంటూ వస్తానని రాశాను కదా. శుక్రవారం మధ్యాహ్నానికి ఆఖరి గదికి చేరాను. అక్కడొక విచిత్రమైన ముక్క కనిపించింది. ఒక లెక్క పెద్ద అంకెతో మొదలై తగ్గుతూ వస్తోంది. మనం ఏ మీట నొక్కినా మళ్ళీ మొదటికి పోతోంది. ఏమీ నొక్కకపోతే సున్నాకి చేరుతుంది. సున్నాకి చేరితే ఏం జరుగుతుందా అని తర్వాతి వరస చూశాను. చూసి పెన్సిలు కింద పెట్టేశాను.

గోతి మీదికి వంతెన దిగుతుంది.

అప్పుడు అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. మా మేనేజరు ఆఖరి గది ఎవరికీ కొరుకుడు పడకూడదనేవాడు. ఆట పరీక్షించే కుర్రాళ్ళేమో టకటకా మీటలు విరగ్గొట్టేవాళ్ళు. ఇంతసేపూ పరిగెత్తినవాడు ఇక్కడ ఆగి నిలబడితే గెలవాలని నాకు తోచింది, అలాగే రాశాను. గబ్బిలం కూడా కదిలినవాడికే తగులుతుంది, నిలబడినవాడి నెత్తి మీదుగా పోతుంది. ఆ చిట్కా ఆటతో ఇచ్చే కాగితంలో వేయించేలోపే కంపెనీ మూతపడింది. నేను బ్యాంకు పనిలో పడిపోయాను. కాలం గడిచేకొద్దీ ఎలా గెలవాలో మర్చిపోయి, గెలవొచ్చనేది ఒక్కటే గుర్తుంచుకున్నాను.

ఇంట్లో మెషీను మీటల మీదే ఆడి చూశాను. వంతెన దిగింది. వదినకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. పెద్ద తెర కూడా పెట్టారు. డాక్టరు గారు నన్ను పరిచయం చేసి, ఆడడానికి మీటల బదులు చేతిపిడిలా ఉండే తమ జాయ్‌స్టిక్కే ఇచ్చారు. అందరికీ అదే ఇస్తున్నారు కాబట్టి తీసుకున్నాను. ఒక్కో గదీ దాటుతుంటే వెనక నుంచి ఆహా అంటున్నారు. ఆఖరి గదిలోకి వెళ్ళి, జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. గబ్బిలం వచ్చింది. గనివాడు వణికినట్టు ఒక్క అంగుళం జరిగాడు. గబ్బిలం తగిలింది. చచ్చాడు.

నేను ముట్టుకోలేదు, వాడు కదిలాడు. ఎవరో పాపం అన్నారు. రెండోసారీ అదే జరిగింది. ఇక ఒక్క ప్రాణమే మిగిలింది. అప్పుడు జాయ్‌స్టిక్ వైపు చూశాను. పాతబడి లోపలి స్ప్రింగు వదులైపోయింది. బల్ల మీద ఊరికే పడున్నా అది ఒక పక్కకి ఒరిగి ఉంది. నేను చేతులు తీసినా, నొక్కుతున్నానని మెషీనుకి చెబుతూనే ఉంది.

ఆఖరిసారి గదిలోకి వెళ్ళాను. గనివాణ్ణి అంచున నిలబెట్టి, జాయ్‌స్టిక్ తీగ పట్టుకుని మెషీనులోంచి లాగేశాను.

జనం నవ్వారు, కోపమొచ్చి వదిలేశాననుకున్నారు. డాక్టరు గారు నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగారు.

"మేడమ్, ఇక చాలిద్దామా?"

"కాసేపు కూర్చోండి డాక్టరు గారూ," అన్నాను.

గబ్బిలం బయల్దేరింది. నేరుగా గనివాడి మొహం మీదికి వచ్చి, నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. వాడు నిలబడే ఉన్నాడు. మళ్ళీ తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. పైనుంచి ఒక్కో పలకా దిగి గోయి మీద వంతెన పడింది. ఆ వంతెన మీద నా గనివాడు తనంతట తానే నడుచుకుంటూ అవతలికి వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. తెరంతా ఆకాశం రంగు.

అరుపులకి హాలు దద్దరిల్లిపోయింది. అందరికంటే గట్టిగా అరిచింది మీ అక్క. నా ఒట్టు మీకు రాయకూడదనే కదా, ఎవరు దొరికితే వాళ్ళని పట్టుకుని 'మా మరదలు, మా మరదలు' అని చెప్పుకుంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

డాక్టరు గారు ఆ అట్టముక్క తెచ్చి అందరూ చూస్తుండగా నా చేతికిచ్చి చింపమన్నారు. చింపాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత మెషీను మీటల ముందు ఆయనే మొదట కూర్చున్నారు. గబ్బిలం రాగానే చేయి ఆగలేదు, మీట నొక్కేశారు. గోతిలో పడ్డారు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. ఆ వెనక వరస మొదలైంది. పెద్దవాళ్ళు, పిల్లలు, గ్రంథాలయం వాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చోవడం, ఆఖరి గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టడం. హాలు తాళం వేసే మనిషి వచ్చి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆయన కూడా తాళాల గుత్తి జేబులో వేసుకుని వరసలో నిలబడ్డాడు.

మీ
ఆట రాసిన మనిషి