గోడవైపు తిప్పిన చర్చి

ఏవండీ,

మీ సంవత్సరీకం ఈ రోజు బాగానే జరిగింది, భోజనాలయ్యేదాకా. ఆ తర్వాత మీ ఫ్రెండ్ ప్రసాద్ గారు చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, మీరు ఐర్లండ్‌లో తీసిన ఆ నలుపు తెలుపు ఫోటో ముందు నిలబడ్డారు. మధ్యయుగాల నాటి చర్చి, పైకప్పు లేదు, గోడల నిండా తీగలు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. ఇలా కూలిపోయినవాటి ఫోటోలు ఇంట్లో పెట్టకూడదు. వాస్తు ప్రకారం నెగటివ్ ఎనర్జీ. బావకి ఎన్నిసార్లు చెప్పానో! వింటేనా? అందుకే..."

అందుకే మీరు పోయారట. అంతటితో ఊరుకోక ఫ్రేమ్‌ని గోడవైపు తిప్పేశారు. మనింట్లో, నన్నడగకుండా!

నాకు ఒళ్లు మండిపోయింది. మీ నాన్నగారి నుంచి వచ్చిన గుండెజబ్బుకీ ఆ చర్చికీ ఏం సంబంధమండీ? అవునవునని తలూపినవాళ్లలో ఒకాయన కార్డియాలజిస్టు!

ఫ్రేమ్‌ని మళ్లీ ఇటు తిప్పాను. "అన్నయ్యగారూ, ఆ చర్చి గుమ్మంలో ఉన్నదెవరో చూడండి" అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎవరో టూరిస్ట్ అమ్మా" అన్నారు.

టూరిస్టట! పక్కన మనిషి ఉంటేనే గోడ ఎత్తు తెలుస్తుందని, మబ్బులు కుదిరేదాకా మీరు నన్ను చలిలో నిలబెట్టిన సంగతి ఆయనకేం తెలుసు?

మీరెప్పుడూ కెమెరా వెనకే. ఈ రోజు దండ వేయడానికి మీ డ్రైవింగ్ లైసెన్స్ ఫోటోనే పెద్దది చేయించాల్సి వచ్చింది. చర్చి ఫోటోలో మీరు కనిపించరు గానీ, అందులో నేను చూస్తున్నది మిమ్మల్నే. దాన్ని గోడకేసి తిప్పేస్తే నేనెటు చూడాలండీ?