మట్టిగుంట గోడ

అత్తయ్యా, మేం బాగానే ఉన్నాం, కంగారు పడకుండా చదవండి.

పోయిన నెల జ్వరం తగ్గినప్పటి నుంచి మీ అబ్బాయికి చెవులు మందగించాయి. అడిగితే ఒప్పుకోరు. మొన్న కాల్చి ఆవంలోంచి తీసిన కుండల్ని ఎప్పటిలాగే వేలితో కొట్టి విని, "ఖంగుమంటున్నాయి, అమ్మెయ్" అన్నారు. నీళ్లు పొయ్యగానే సగం కారాయి. కొన్నవాళ్లు గుమ్మంలోకొచ్చి నన్ను చీవాట్లు పెట్టారు. అది పోనివ్వండి. నా గుండెదడంతా మట్టిగుంట గురించే. గుంట గోడ కిందికి దూరి తవ్వేముందు పారకర్రతో తట్టి, మోత గట్టిగా ఉంటేనే దిగుతారు కదా. ఇప్పుడూ తట్టి, తలూపి దిగుతున్నారు. నిన్న అన్నం పట్టుకెళ్లి నేనూ తట్టి చూశాను. బీటవారిన కుండలా బొంగురుగా పలికింది. ఎంత అరిచినా వినపడక, దిగి చెయ్యి పట్టుకు లాగాను. "మోత సంగతి నాకు చెబుతావా" అని కసిరారు.

నా మాట పూచికపుల్లతో సమానం. మీరు గీసిన గీత మాత్రం దాటరు. పైమట్టితో సరిపెట్టుకోమని వెంటనే రెండు ముక్కలు రాయండి. వదినకు నెలలు నిండాయా? మట్టి జల్లించే సన్నజల్లెడ ఎక్కడ పెట్టారు?

పార దాచేశాను. ఇందాకే పక్కింటి పార అడిగి పట్టుకుపోయారు. ఈ కార్డు డబ్బాలో వేసి నేనూ గుంటకే పోతున్నాను. ఆయన తవ్వినంతసేపూ గోడకు చెవి ఆనించి కూర్చుంటాను.

వదినకు పురుడు సుఖంగా జరగాలి.

మీ కోడలు