మబ్బులో బాణం గుర్తు

అమ్మీకి,

సాజిద్ సలాం. నేనూ, నీ అల్లుడు ఇబ్రహీం బావా ఇక్కడ బాగానే ఉన్నాం. మీరంతా, ముఖ్యంగా కాన్పుకు పుట్టింటికి వచ్చిన తబస్సుం ఆపా, చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో అయితే పక్కనుండి ఆపా వింటుందని రాస్తున్నాను. ఈ ఉత్తరం ఆపాకు చదివి వినిపించకు.

మన తల్లాడలో వాన పడిందని రాశావు. ఇక్కడ భద్రాచలం అడవి మీద మబ్బు విడవడం లేదు. బావ నడిపే చిన్న విమానంలో వెనక కూర్చుని నేను అడవి సర్వే కెమెరా చూస్తుంటాను. "మబ్బులో దారి ఎట్ల తెలుస్తది బేటా?" అని అడిగావు కదా. శాటిలైట్ల సంకేతాలు అందుకునే జీపీఎస్ యంత్రం చూపిస్తుంది. అయితే ఆ యంత్రం విమానంలో బిగించినదై, అనుమతి ఉన్నదై ఉండాలి. తన లెక్క తప్పితే తానే హెచ్చరించాలి. చేతి జీపీఎస్‌ను నమ్మి మబ్బులో దూరకూడదు. ఆ నిబంధనల పుస్తకాలన్నీ తెప్పించుకుని చదివాను. అవి ఎవరో పొద్దుపోక రాసినవి కావు.

మా విమానంలో బిగించిన యంత్రం రిపేరుకు పోయింది. విమానం యజమాని పని ఆగనివ్వడు. బావ చేతి జీపీఎస్‌ను ముందు అద్దానికి అతికించాడు. వద్దని నేను అరిచాను.

"ఏంది బామ్మర్దీ, పుస్తకం చదివి నాకే పైలట్‌గిరి నేర్పుతవా? గిట్ల ఎన్నిసార్లు పోలేదు?" అని నవ్వాడు.

మొన్న మబ్బులోకి పోయాం. తెర మీద మా విమానాన్ని చూపే బాణం గుర్తు గోదావరి గీత మీదే తిన్నగా సాగుతోంది. ఒక్కచోట మబ్బు చిరిగింది. కింద గోదావరి లేదు. గుట్ట ఉంది. టేకు ఆకులు ఒక్కొక్కటీ కనిపించాయి. బావ విమానాన్ని పైకి లాగాడు. సిగ్నల్ ఎప్పుడో పోయిందట. బాణం మాత్రం పాత దారినే ఊహించుకుని పోతూ ఉందట.

దిగాక బావ చాయ్ గ్లాసు నా చేతికిచ్చాడు. "మీ ఆపాకు చెప్పకు" అన్నాడు. అయినా రేపు మళ్లీ పోదామంటున్నాడు. "ఆగితే యజమాని ఇంకో పైలట్‌ను తెచ్చుకుంటడు. అప్పుడు నేనేం చెయ్యాలె?"

అమ్మీ, ఇప్పటిదాకా రాయలేకపోయిన మాట ఇది. విమానాల భద్రత చూసే ఆఫీసుకు నా పేరుతోనే ఫిర్యాదు పంపాను. బావ లైసెన్సు పోవచ్చు. జవాబు ఇంకా రాలేదు. కిటికీలోంచి చూస్తే మబ్బుకు గుట్టలు కనిపించడం లేదు. రేపు నేను ఎక్కను, బావనూ ఎక్కనివ్వను. విమానానికి అడ్డం నిలబడతాను. బావ కొట్టినా పడతాను.

ఆపా నన్ను జన్మంతా తిట్టుకోనీ. ఆ తిట్లు వింటూ బావ ఆమె పక్కన కూర్చుని ఉంటే చాలు.

ఇట్లు,
నీ కొడుకు
సాజిద్